మొదటి క్లాసులో చదివే కాగితం

రెండు వైపులా జిరాక్సు తీయించిన కాగితం,
బ్రాడీపేట నాలుగో లైనులో, కాపీ రూపాయి చొప్పున.
వెనక బెంచీ దాకా అందేసరికి
ముందు బెంచీలో సగం మంది దాన్ని విసనకర్ర చేసుకున్నారు.
జూలై. మూడు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతుంది.

సరే, చదువుతాను. వినండి.

హాజరు డెబ్బై అయిదు శాతం.
ఇది విశ్వవిద్యాలయం మాట, నాది కాదు.
నా మాట ఏమంటే, వచ్చినవాళ్లు వచ్చినట్టు ఉండాలి.
కిటికీలోంచి తెనాలి బస్సులు లెక్కపెట్టేవాళ్లు
లెక్కపెట్టుకోండి,
ఏ గంటలో పెరిగాయో ఏ గంటలో తగ్గాయో
నాకూ చెప్పండి. అదీ ఈ పాఠమే.

సూత్రాలు బట్టీపట్టి వచ్చారని తెలుసు.
రెండేళ్లు హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి
మీ చేత మింగించారని తెలుసు.
కక్కమనను.
ఒక్కటే అడుగుతా: ఎందుకని?
జవాబు తప్పైనా ఎందుకని రాసినవాళ్లకి సగం మార్కులు.
జవాబు ఒప్పై, ఎందుకని లేకపోతే
దానికీ సగమే.

అవధి అన్నా లిమిట్ అన్నా నాకొకటే.
తెలుగు మీడియం వాళ్లు ముందుకు రండి, గోడకి అంటుకోకండి.
రేపల్లె ప్యాసింజరులో వచ్చేవాళ్లకి
అవధి గురించి నేను చెప్పక్కర్లేదు.
స్టేషను కనపడుతుంటుంది,
ప్లాట్‌ఫాం మీది ఇడ్లీ వాసన కూడా వస్తుంటుంది,
బండి కదులుతుంది, ఇంకొంచెం,
ఆ కొంచెంలో సగం, ఆ సగంలో సగం,
ఔటరు మాత్రం దాటదు.
చేరిందా లేదా అన్నది కాదు,
దేన్ని చేరబోతోందో డబ్బాలో అందరికీ తెలుసు. అదీ అవధి.

అవకలజం మిర్చి యార్డులో ఉంది.
ధర ఎంత అని అడిగేవాడు కొనేవాడు.
ఎంత జోరుగా పడిపోతోందని అడిగేవాడు రైతు.

ఫోన్లు సంచుల్లో. కాలిక్యులేటరు వద్దు.
పక్కవాళ్ల పేపరు చూసి రాస్తే ఇద్దరికీ సున్నా.
ఎవరో నవ్వారు. నవ్వండి.
పోయినేడు ఇద్దరు ఏడు ఎనిమిదులు యాభై నాలుగన్నారు,
ఒకే చోట, ఒకే కొట్టివేతతో.
తప్పైనా ఎవరిది వాళ్లు చేసుకోవాలమ్మా.

అయిదో నియమం కొట్టేసి ఉంటుంది చూడండి.
'ఆలస్యమైన హోంవర్కు తీసుకోబడదు.'
పద్నాలుగేళ్లు ఉంది అక్కడ.
టైపు చేసే అబ్బాయి చెరిపేస్తానన్నాడు,
నేనే వద్దన్నాను,
గీత కింద అక్షరాలు కనపడాలని.

నాగుల్‌మీరా అని ఒకడు, రోల్ నంబరు నలభై ఒకటి.
ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం.
ఎప్పుడూ తిప్పి పంపేదాన్ని, మడత విప్పకుండానే.
ఒక ఏప్రిల్లో మాత్రం విప్పాను.
తుమ్ములు. ఒకటి కాదు, ఆగకుండా.
మడతల్లో ఎర్ర పొడి.
రాత్రి యార్డులో లారీకి లారీకి మధ్య
బస్తా మీద కాగితం పెట్టుకుని చేసిన లెక్క.
వక్రరేఖ కింద వైశాల్యం.
సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయి,
అడుగున రాశాడు:
"మేడం, ఇది మా బస్తాల లెక్కే.
విడిగా చూస్తే ఎంతని? మొత్తం వీపుకి తెలిసిద్ది."

కళ్లు మండి నీళ్లు కారాయి. మిరపపొడికే,
వేరే అర్థం తీయకండి.
అప్పటికే ఇంటర్నల్ మార్కులు పంపేశాను.
మూడు మార్కుల్లో పోయాడు.
సప్లిమెంటరీకి ఫీజు కట్టలేదని తర్వాత తెలిసింది.
పద్నాలుగేళ్లు అందరినీ ఎందుకని అడిగినదాన్ని
అతన్ని ఒక్కసారీ అడగలేదు.

అంచున పెన్నుతో రాసింది ఎవరికీ కనపడట్లేదా?
జిరాక్సులో సరిగా పడలేదు. చదువుతాను:
ఆలస్యమైతే, ఎందుకని ఒక్క ముక్క రాసి ఇవ్వండి.

శనివారం మూడు నుంచి అయిదు దాకా
మెట్ల కింద గదిలో ఉంటాను.
తలుపు కొట్టక్కర్లేదు, దానికి గడియ పడదు.

ఏమన్నా అడుగుతారా?

వెనక నుంచి ఒక చెయ్యి.
"ఆ నాగుల్‌మీరా లెక్క పరీక్షలో వచ్చిద్దా మేడం?"
క్లాసంతా ఒకటే నవ్వు.

వచ్చిద్ది, అన్నాను.

"ఎన్ని మార్కులకి?"

మూడు.